తిట్టడానికి చేసిన ఫోన్లు

ఆయన పోయిన సంగతి మా బజారు వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఎవరో పాత ఫోటో ఒకటి పెట్టారు. దాని కింద వరసగా దండాల బొమ్మలు వచ్చి పడ్డాయి. సంతాపం సగంలో ఉండగానే ఒక మహానుభావుడు నూనె లేకుండా పకోడీలు వేయించే మిషను మీద ఆఫరుందని ఇంకో ఫోటో తోశాడు. వెనక వచ్చినవాళ్ళు చూసుకోకుండా దానికీ దండాలు పెట్టారు. నేను కొట్లో కూర్చుని అది చూసి నవ్వాను. చావు కబురు విని నవ్వేంత దుర్మార్గుణ్ణి కాదు. కానీ ఆ మనిషే బతికుండి ఇది చూస్తే నాకంటే గట్టిగా నవ్వి, పకోడీల మిషనుకు చేతులు జోడించిన జనాన్ని మట్టితో చేసి తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. కింద మా గ్రూపు పేరు కూడా చెక్కేవాడు.

మాది చార్మినార్ దగ్గర గాజుల బజారు వెనక సందులో గిన్నెల కొట్టు. మా తాత పింగాణీ అమ్మాడు, మా నాన్న స్టీలు అమ్మాడు. నేను అమ్మేదేమిటో నాకే సరిగ్గా తెలియదు, డబ్బా మీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఆయన మొదటిసారి మా కొట్లోకి వచ్చింది కొనడానికి కాదు, ఏవగించుకోవడానికి. బక్కపలచటి మనిషి. చొక్కా జేబు మీద ఎండిన తెల్లమట్టి, కళ్ళద్దాలకు ఒక పక్క పుల్ల బదులు దారం. సర్కారు ఫ్యాక్టరీలో, కరెంటు స్తంభాల మీద కనిపించే తెల్లటి పింగాణీ కప్పులు చేసే సెక్షన్లో చాలా ఏళ్ళు పనిచేసి, అది మూతబడ్డాక ఇంటికి వచ్చేశాడు. ఇల్లు ఫలక్‌నుమా స్టేషన్ పక్కన. జల్‌పల్లిలో చిన్న ప్లాటు ఉంటే, అందరూ అక్కడ రెండంతస్తులు లేపుతుంటే, ఈయన రేకులు కప్పి బట్టీ పెట్టుకున్నాడు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని ఆ కాలనీవాళ్ళు ఆయన వినేలాగే అనేవాళ్ళు.

ఆయనకొక అలవాటుండేది. ఏ వస్తువు కనిపించినా గోటితో టక్కున కొట్టి చెవి ఒగ్గి వినేవాడు. కప్పయితే అర్థముంది. పగులున్న పింగాణీ మోగదు, నిఖార్సయినది గంటలా మోగుతుంది. ఆయన కప్పులతో ఆగేవాడు కాదు. నా క్యాలిక్యులేటర్ను కొట్టాడు. కార్డు గీకే మిషన్ను కొట్టాడు. నా కొత్త గడియారాన్ని నా చేతికి ఉండగానే కొట్టి, "లోపట ఏం లేదు సేటూ" అన్నాడు. నా దగ్గర పైసా వస్తువు కొనకపోయినా వారానికొకసారి వచ్చి ఇలా నా సామానంతా కొట్టి చూసి, పెదవి విరిచి, చాయ్ తాగి పోయేవాడు. చాయ్ నాదే.

గిరాకీ ఉన్నప్పుడు వస్తే ఇంకా ప్రమాదం. ఒక కొత్త దంపతులు యాభై ముక్కల డిన్నర్ సెట్ బేరం చేస్తున్నారు. ఈయన మధ్యలో దూరాడు.

"ఇంట్ల ఎంతమంది అమ్మా మీరు?"

"ఇద్దరం అంకుల్. గెస్టులొస్తరు కదా, వాళ్ళకు."

"వస్తున్నరా?"

ఆ అమ్మాయి మొగుడి ముఖం చూసింది. "ఈ మధ్య ఎవరూ రాలేదు, బిజీ కదా."

"రారు. వచ్చినా ఫోన్ల తలకాయ వెట్టి కూసుంటరు. వాళ్ళకు గిన్ని ప్లేట్లు దండుగ. ఓ చార్జర్ల డబ్బా కొనుక్కపొండ్రి, సంబురవడతరు."

వాళ్ళు కొనకుండా వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. "అన్నా, నా కడుపు మీద కొట్టినవ్" అన్నాను. ఆయన నా కడుపు వంక చూసి, "దానికేం ఫికర్ లేదు తీయ్" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు కనుక నేను ఇంకో చాయ్ చెప్పాను.

ఆయన చేసే బొమ్మల్ని బొమ్మలంటే ఊరుకునేవాడు కాదు. "ఇవి తిట్లు" అనేవాడు. తెల్లటి పింగాణీ ఫోన్లు, అచ్చంగా అసలు ఫోనంత ఉంటాయి, అద్దం ఉండాల్సిన చోట పళ్ళతో సహా తెరుచుకున్న నోరు ఉంటుంది. ప్రతి ఫోనుకూ నోరు వేరే. ఒకటి ఆకలి నోరు, ఒకటి ఆవలింత, ఒకటి వెకిలి నవ్వు. కంచాలు చేశాడు, అన్నం పెట్టుకునే చోట ఫోను అచ్చు దిగి ఉంటుంది, మెతుకు పెట్టుకోవడానికి జాగా ఉండదు. గుప్పెడంత ఫ్రిజ్ చేశాడు, తలుపు తెరిస్తే లోపల ఇంకో ఫ్రిజ్, దాని తలుపు తెరిస్తే ఇంకొకటి. ఆయన భార్య మాత్రం జీవితమంతా స్టీలు కంచంలోనే తిన్నది. "ఆయన చేసినదాంట్ల తింటె తిట్టు తిన్నట్టుంటది" అని నాతో ఒకసారి చెప్పింది. ఆమెకు ఆయనంటే భయమూ లేదు, గొప్పా లేదు.

పని మాత్రం తొందరపడేవాడు కాదు. చేసినదాన్ని నీడలో పెట్టి, తిప్పి తిప్పి, చెంపకు ఆనించి చల్లదనం చూసి, తడి పూర్తిగా పోయిందని నమ్మకం కుదిరాకే బట్టీలో పెట్టేవాడు. తడి ఉన్న మట్టిని కాలిస్తే పటాకీలా పేలి పక్కనున్నవాటిని కూడా తీసుకుపోతుంది. అప్పుడే ఒక మాట అనేవాడు, దాన్ని కనీసం వంద మంది దగ్గర అని ఉంటాడు. "మట్టిని తొందరవెడితె పగుల్తది సేటూ. మనిషిని తొందరవెడితె కొంటడు."

ఇంత తిట్టినా ఎవరికీ తగల్లేదు. అదీ ఆయన ఏడుపు. నేను మొహమాటానికి ఆయన ఫోన్లు కొన్ని కొట్లో ఒక అరలో పెడితే జనం ఎగబడి కొన్నారు. ఒకాయన కాగితాలు ఎగిరిపోకుండా బరువుకు పెట్టుకున్నాడు. ఒకామె టీవీ పక్కన పెట్టి ఫోటో తీసి నాకే పంపింది. మా సందు మొదట్లో సెల్‌ఫోన్ల దుకాణం భాయ్ ఒకరోజు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన అక్కడే ఉన్నాడు.

"క్యా చీజ్ బనాయే అంకుల్! మస్తున్నయ్. దీపావళికి మా కస్టమర్లకు ఫ్రీ గిఫ్టు ఇస్త. గా నోట్లె మా దుకాణం పేరు రాసియ్యి."

"నీ దుకాణం గా నోట్లనే ఉన్నది గదరా. కనవడ్తలేదా?"

"అదే అంకుల్, జర పెద్దగ రాయుండ్రి, దూరంకెల్లి కనవడాలె."

ఆయన నా వైపు తిరిగాడు. అంత నిస్సహాయమైన ముఖం నేను ఆయనకు అంతకుముందు చూడలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, వాడు 'ఏమిటది కొరుకుతున్నావు, నాకూ కొంచెం పెట్టు' అన్నాడట. ఆ శంఖం ఊదినవాడి ముఖం అలాగే ఉండి ఉంటుంది.

మూసీ అవతలి కళాభిమానులు ఇంకో రకం. వాళ్ళకు తిట్టు అర్థమవుతుంది, అదే పెద్ద పీడ. ఒక చల్లటి హాల్లో ఆయన వస్తువులు పెట్టి, ఒక్కోదానికి ఒక్కో దీపం వేసి, పక్కన చిన్న చీటీల మీద సమాజం, వినిమయం, విమర్శ అని రాశారు. నన్ను కూడా రమ్మంటే వెళ్ళాను. చేనేత చీర కట్టి, మెడనిండా వెండి వేసుకున్న ఒకామె నోరు తెరిచిన ఫోనుని పట్టుకుని, దాని నోరులాగే తన నోరు తెరిచి, తన ఫోనుతో ఫోటో దిగింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, "మీరు మా అందరికీ అద్దం పట్టారు" అంది. వెంటనే అది పచ్చ రంగులో దొరుకుతుందా అని అడిగింది, వాళ్ళ హాల్లో గోడలు పచ్చవట. ఈయన ఆమెను నఖశిఖపర్యంతం చూసి బయటికి వచ్చాడు. మెట్ల మీద నాతో అన్నాడు, "మీద ఉమ్మేస్తే, గా ఉమ్ము ఎంతకిస్తవని అడిగే జాతి సేటూ ఇది." నేను ఆ మాటకు ఇప్పటికీ ఒక్క అక్షరం కలపలేను. ఆ సాయంత్రం అన్నీ అమ్ముడుపోయాయి.

దేవుడి మీద, దయ్యం మీద కూడా ఇంతే మర్యాద. ఎవరింట్లో దినాలు జరిగినా, "సచ్చినోడు బిర్యాని తింటడా? కాకి తింటది. కాకికి ఆకలైతె వస్తది, లేకుంటె రాదు" అని వాళ్ళ ముఖం మీదే అనేవాడు. ఆ నోటి వల్ల ఆయనకు చుట్టాలు కూడా దూరమయ్యారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆయనకు ఏ ఊరూ మంచిది కాలేదు.

ఆ మనిషి దగ్గరికి నేనే ఒకామెను తీసుకుపోయాను. మా కొట్టు ఎదురుగా గాజుల గోదాములో డబ్బాలు కట్టే పని చేసేది. ఆమె మొగుడు స్కూటర్ మీద హోటళ్ళ నుంచి ఇళ్ళకు అన్నం పొట్లాలు చేరవేసేవాడు. బండి మీద ఎండలో పోతూ పోతూనే కుప్పకూలి పోయాడు. గుండె అన్నారు డాక్టర్లు. ఆమె పనిలోకి ఇంకా రావడం లేదు. అలాంటిది ఒక మధ్యాహ్నం వచ్చి మా అరలో ఉన్న పింగాణీ ఫోన్ల ముందు నిలబడింది.

"సేటూ, గిసువంటిది ఒకటి చేపిచ్చియ్యాలె. గిట్ల నోరు లేకుంట. ఆయనది ఎట్లున్నదో గట్ల."

ఎందుకని అడిగాను. చెప్పింది. మా వైపు మనిషి పోయిన మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, తాగేవాడైతే సీసా, బీడీలు తాగేవాడైతే బీడీకట్ట కూడా పెట్టి, పక్కకు జరిగి చూస్తారు. కాకి ముడితే పోయినవాడికి తృప్తి అయినట్టు. వీళ్ళు పెట్టిన విస్తరిని కాకి ముట్టలేదు. అతని మనసు దేనిమీదో ఉండిపోయిందని పెద్దలు తేల్చారు. దేనిమీదో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు, నిద్రలో కూడా ఆ మనిషి చేతిలో ఫోనుండేది. పదోనాడు మళ్ళీ పెట్టేటప్పుడు ఫోను కూడా పెట్టమన్నారు.

"అసలు ఫోనే పెట్టొచ్చు కదమ్మా?"

"పెట్టింది మళ్ళ ఇంటికి తేవద్దు సేటూ. గండ్ల ఆయన ఫోటోలున్నయి. మాట్లాడినయి ఉన్నయి. నా తాన ఇంకేమున్నది?"

ఆమెను ఆటోలో ఎక్కించుకుని జల్‌పల్లి పోయాను. దారంతా నాకు గుబులే. ఆయన ఏమంటాడో నాకు ముందే తెలుసు, ఆయన ఒక్క అక్షరం తగ్గకుండా అదే అన్నాడు.

"నేను ఫోన్లు చేసేది తిట్టనీకి. నువ్వు మొక్కనీకి అడుగుతున్నవా? గా ఫోనే నీ పెనిమిటిని ఎండల ఉరికిచ్చి ఉరికిచ్చి సంపింది. గదే తీస్కపోయి విస్తట్ల పెడ్తవా? ఏం జనం అమ్మా మీరు?"

"అన్నా!" అన్నాను నేను. ఆయన నన్ను లెక్కచెయ్యలేదు. ఆమె మాత్రం ఏడవలేదు.

"సంపిందో సాదిందో నాకు ఎర్క లేదు సార్. గీ మాట నేను గూడ అన్న. ఆయన పోయిన దినం పొద్దుగాల లొల్లి వెట్టుకున్న. తినుకుంట గూడ ఫోనే చూస్తుండె, నేను ఏం వండిన్నో గూడ చూడలే. కంచం గుంజుకొని, 'దాన్నే కట్టుకోరాదు, నేనెందుకు నీకు' అన్న. చెయ్యి కడుక్కొని మాట్లాడకుంట వోయిండు. మళ్ల రాలే." కొంచెం ఆగి, "నా మీద కోపంతోనే కాకి ముడ్తలేదని మా అత్త అంటున్నది. అందరు గదే అంటున్నరు" అంది.

గోడ పొడుగునా అరల్లో ఆయన కంచాలు ఉన్నాయి, ఫోను అచ్చు దిగినవి. ఆయన వాటి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆయన ఇన్నేళ్ళు ఊరిని తిట్టిన ఆ తిట్టునే ఒక పెళ్ళాం ఒక పొద్దున మొగుణ్ణి తిట్టింది. తగలకూడని చోట అది తగిలింది. నాకు ఆయన మీద జాలి వేసింది. ఆయన మీద జాలిపడటం అదే మొదలు.

"ఏది, ఫోన్ తియ్యి" అన్నాడు.

ఆమె కొంగులోంచి తీసి ఇచ్చింది. ఆయన దాన్ని గోటితో కొట్టలేదు. రెండు చేతుల్లో పట్టుకుని వెనకా ముందూ చూశాడు. మూల మీద పగులు దగ్గర వేలు పెట్టాడు.

"ఇది గూడ కావాల్నా?"

"కావాలె సార్. అది లేకుంటె ఆయనది అనిపియ్యది."

జీవితమంతా పగులు రాకుండా మట్టిని కనిపెట్టుకున్న మనిషి, నా కళ్ళ ముందే పచ్చి మట్టి పలక మీద సన్నటి చీలతో ఆ పగులు గీశాడు. కాల్చడానికి వ్యవధి లేదన్నాడు. నీడన ఎండబెట్టి పచ్చిదే ఇస్తానన్నాడు. తానే తెస్తానన్నాడు. "నీకిస్తె ఆటోల పగులగొట్టుకుంటవ్" అని కసిరాడు కూడా.

పదోనాడు నిజంగానే వచ్చాడు. స్మశానం ప్రహరీ పక్కన ఖాళీ జాగాలో విస్తరి వేశారు. మటన్, బోటి, జొన్నరొట్టె, ఒక కూల్‌డ్రింకు. వండింది ఆమే. ఈయన తువ్వాల విప్పి మట్టి ఫోను తీసి విస్తరి పక్కన పెట్టి ఇవతలకు వచ్చాడు. ఆ పోయినవాడితో కలిసి తిరిగిన కుర్రాళ్ళు పొట్లాల సంచులు కట్టిన బళ్ళు విస్తరికి దగ్గర్లోనే అడ్డదిడ్డంగా నిలిపి, వాటి చుట్టూ గుంపుగా నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఒక మనిషి దాని వెంట పరిగెత్తి పోయాడని వచ్చినవాళ్ళు కూడా దాన్ని జేబులో పెట్టుకోలేకపోయారు. కాకి మాత్రం గోడ మీద కూర్చుంది. కిందికి రాలేదు.

ఎండ ముదిరింది. అత్త నేల మీద చతికిలబడి మొదలుపెట్టింది. "రాడు. ఎట్లొస్తడు? అన్నం ముందటికెల్లి లేపిన పెండ్లాం చేతి కూడు ఎట్ల ముడ్తడు?" నలుగురు ఆడవాళ్ళు తలలాడించారు. ఆమె తల వంచుకుని నిలబడింది. ఎవరూ ఆమె పక్కన నిలబడలేదు.

అంతలో కుర్రాళ్ళలో ఒకడి ఫోను కూసింది. ఆర్డరు. వాడు "ఆగుండ్రి, ఆగుండ్రి, జరుగుండ్రి" అంటూ బండి తీశాడు. బండ్లకు అడ్డం నిలబడ్డవాళ్ళంతా పక్కకు జరిగారు. విస్తరి చుట్టూ జాగా ఖాళీ అయింది. కాకి దిగింది. బోటి ముక్క ఒకటి లాక్కుని అక్కడే నిలబడి తిన్నది, ఇంకోటి తిన్నది.

అందరూ చేతులెత్తి మొక్కారు. వెంటనే లొల్లి కూడా మొదలైంది. ఎవరో ముసలాయన, "ఆర్డర్ మోగితె లేసి వచ్చిండు, చూసిండ్రా! సచ్చినా డ్యూటీ ఇడ్వలే" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. అత్త ఆ మాట అందుకుంది. "ఫోన్ కోసమే వచ్చిండు. పెండ్లాం కోసం కాదు." ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. అక్కడ కాకే నయం, తిని ఊరుకుంది.

ఆమె గుంపును దాటుకుని నేరుగా ఆయన దగ్గరికి వచ్చింది.

"సార్, మీరు చెప్పుండ్రి. మీరైతె ఉన్నదున్నట్టు చెప్తరు. ఆయన ఫోన్ కోసమే వచ్చిండా? నా మీద కోపం ఇంక అట్లనే ఉన్నదా?"

ఉన్నదున్నట్టు చెప్పే ఆ నోరు నాకు తెలుసు. చావు ఇళ్ళల్లో అది ఏం మాట్లాడిందో తెలుసు. నేను ఆయన చెయ్యి పట్టుకుందామని ముందుకు వెళ్ళాను. ఆయన విదిలించుకున్నాడు. అందరికీ వినపడేలా, అత్తకు మరీ వినపడేలా చెప్పాడు.

"ఫోన్ కోసం ఎక్కడొచ్చిండు బిడ్డా? గా ఫోన్ చేసింది నేను. కాకి దిగినకాడికెల్లి నేను దాని మీదనే కన్నేసిన. గది ఫోన్ దిక్కు ఒక్కపాలి గూడ చూడలే. నువ్వు వండింది తిన్నది. నిలవడి, నిమ్మలంగ తిన్నది. కోపమున్నోడు గట్ల తింటడా?"

ఆమె విస్తరి వైపు తిరిగి చూసింది. కాకి ఇంకా అక్కడే ఉంది. పక్కనున్న మట్టి ఫోనుని అది నిజంగానే పట్టించుకోవడం లేదు. ఆమె నేల మీద కూలబడి, పది రోజులుగా ఏడవనిదంతా గొంతెత్తి ఏడ్చింది. అత్త కొంచెంసేపు చూసి, జరిగి వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

ఆయన అప్పటికే రోడ్డెక్కాడు. నేను వెంటపడి అందుకున్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"అన్నా, జనం జరిగిండ్రని కదా కాకి దిగింది?"

"మరి? ఎందుకు దిగుతదనుకున్నవ్?"

"మరి ఆమెతోని గట్ల..."

ఆయన ఆగి, దారం కట్టిన కళ్ళద్దాల్లోంచి నన్ను నా కొట్లో సామాను చూసినట్టే చూశాడు.

"పో. నువ్వు పోయి చెప్పిరా."

నేను పోలేదు.